చెరువు కట్ట మీద మొదలుపెట్టండి

ప్రశ్న: చంద్రగిరి మండలంలో ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో సోషల్ చెబుతున్నాను. భూగోళం అంటే మా పిల్లలకు బట్టీ పట్టే పాఠం, మ్యాపులో చుక్కలు పెట్టి తెచ్చుకునే మార్కులు, అంతే. ఏటా బస్సు మాట్లాడుకుని బీచికో పార్కుకో టూరు పోయి వస్తాం. ఈసారి దాన్ని చదువుకు పనికొచ్చేట్టు చేయాలని ఉంది. బయటివాళ్లను పిలిచి మాట్లాడించాలనీ ఉంది గానీ, ఎవరిని పిలవాలో తెలియడం లేదు. హెడ్మాస్టరు గారు "సిలబస్ ఎప్పుడు అవుతుంది?" అంటారు. తల్లిదండ్రులేమో "భూగోళం చదివితే ఏం ఉద్యోగం వస్తుంది టీచర్?" అంటారు. శనివారం నో బ్యాగ్ డే ఒక్కటే నా చేతిలో ఉన్న సమయం. పెద్దగా ఖర్చు పెట్టలేం. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

జవాబు:

అమ్మా,

బస్సు సంగతి ఇప్పుడే వద్దు. మీ బడి నుంచి నడిచిపోయేంత దూరంలో ఒక చెరువు ఉండే ఉంటుంది. చంద్రగిరి చుట్టుపక్కల చెరువు లేని ఊరు తక్కువ. మొదటి యాత్ర అక్కడికే పెట్టుకోండి. ఒక శనివారం పొద్దున పూట చాలు.

ఇది అనుభవం మీద చెబుతున్న మాట. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను పనిచేసిన ఒక బడిలో, అరవై మంది పిల్లల్ని ఒకే రోజు నాలుగు చోట్లకు తిప్పాను. తెల్లవారుజామున నాలుగింటికి బయలుదేరాం. ఘాట్ రోడ్డు మలుపుల్లో సగంమంది వాంతులు చేసుకున్నారు. దిగిన ప్రతిచోటా నేను చెబుతూనే ఉన్నాను, వాళ్లు ఎండకు నీడ వెతుక్కుంటూనే ఉన్నారు. మర్నాడు వ్యాసం రాయమంటే అందరూ "ఉదయమే లేచి బస్సు ఎక్కితిమి" అని మొదలుపెట్టి "చాలా ఆనందించితిమి" అని ముగించారు. అరవై వ్యాసాల్లో రాయి గురించి, నీళ్ల గురించి, నేల గురించి ఒక్క వాక్యం లేదు. తప్పు పిల్లలది కాదు. వెతకడానికి వాళ్లకు నేను ఏమీ ఇవ్వలేదు. ఆ తర్వాత పదవీ విరమణ దాకా ఒక నియమం పెట్టుకున్నాను. తరగతిలో ఒక ప్రశ్న పుట్టి, దానికి పిల్లలు తలా ఒక జవాబు చెప్పి వాదించుకున్నాకే గడప దాటాలి. యాత్ర అనేది ఆ వాదన తీర్చుకోవడానికే.

చెరువుకు పోయే ముందు రోజు ఈ ప్రశ్న వేయండి: "మన చెరువు నిండి మొరవ (అలుగు) పోతే ఆ నీళ్లు యాడికి పోతాయి?" ఒకడు ఏట్లోకి అంటాడు, ఒకడు పక్కూరికి అంటాడు, ఒకమ్మాయి భూమిలో ఇంకిపోతాయి అంటుంది. ఎవరి జవాబు వాళ్ల నోటుబుక్కులో రాసుకోమనండి. అప్పుడు కట్ట ఎక్కించండి.

కట్ట మీద మాట్లాడాల్సింది మీరు కాదు, చెరువును కనిపెట్టుకుని ఉండి తూము తెరిచి పొలాలకు నీళ్లు వదిలే మీ ఊరి నీరుగంటి. ఒకసారి ఇలాగే పోయినప్పుడు ఒక పెద్దాయన్ని రమ్మని అడిగితే, "నేనేం చెప్తాను సార్, చదువుకున్నోణ్ణా?" అని వెనకాడాడు. పిల్లలు ఆ ప్రశ్న అడగ్గానే మాత్రం మారు మాట్లాడకుండా కూర్చుని, వేపపుల్లతో ఇసకలో గీయడం మొదలుపెట్టాడు. ఇది మన చెరువు, ఇదో తూము, ఈడ మొరవ. మొరవ దాటిన నీళ్లు ఈ వంకలో పడి కిందూరి చెరువుకు పోతాయి. అది నిండితే దాని మొరవ ఇంకో చెరువుకు. అట్లా అయిదు చెరువులు గీసి, ఆఖరి గీతను స్వర్ణముఖిలో కలిపాడు. తూము కింద ఎన్ని కయ్యలు (మళ్లు) పారతాయో, నీళ్లు తక్కువైన ఏడు ముందు ఎవరికి వదులుతారో, తగాదా వస్తే ఎవరు తీరుస్తారో చెప్పాడు. అప్పుడు ఎనిమిదో తరగతి పిల్ల ఒకతి, "తాతా, మధ్యలో ఒక చెరువు పూడ్చేస్తే?" అని అడిగింది. ఆయన మూడో చెరువును అరచేత్తో చదును చేసేసి, వంక గీతను పక్కకు తిప్పాడు. "అప్పుడు ఇట్లా వచ్చి ఊళ్లో పడతాయమ్మా" అన్నాడు. గొలుసుకట్టు చెరువులు అని నేను ఏళ్ల తరబడి నల్లబల్ల మీద చెప్పిన పాఠం ఆ పూట వాళ్లకు కళ్ల ముందు కనిపించింది.

తిరిగొచ్చాక దీన్ని 2021 నవంబరుకు ముడిపెట్టండి. ఆ వరదల్లో తిరుపతి వీధులు వంకలై పారాయి, స్వర్ణముఖి పొంగింది, మీకు దగ్గర్లోనే ఉన్న రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని దిగువ పల్లెల్ని ఖాళీ చేయించారు. పిల్లలు అప్పుడు చిన్నవాళ్లు. ఇంటికి పోయి అవ్వాతాతల్ని అడిగి రమ్మనండి: నీళ్లు ఏ దిక్కు నుంచి వచ్చాయి, మన వీధిలో ఎంత ఎత్తుకు వచ్చాయి, ఎన్ని రోజులు నిలిచాయి. ఆ జవాబుల్ని ఊరి పటం మీద గుర్తు పెట్టిస్తే, నీరుగంటి గీసిన గీతలూ ఈ గుర్తులూ ఎక్కడెక్కడ కలుస్తాయో వాళ్లే పట్టుకుంటారు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వచ్చే ఈశాన్య రుతుపవనాలు, బంగాళాఖాతంలో పుట్టే వాయుగుండాలు మన చెరువులకు ఎందుకంత ముఖ్యమో ఇక వేరే చెప్పనక్కర్లేదు. నీటి వనరుల పాఠం సగం ఇక్కడే అయిపోతుంది. హెడ్మాస్టరు గారి సిలబస్ ప్రశ్నకు కూడా ఇదే జవాబు. పాఠం పక్కన పెట్టి పోవడం లేదనీ, పాఠం చెప్పడానికే పోతున్నామనీ, ఏ పాఠంలో ఏ పేజీకో రాసి ఆయన ముందు పెట్టండి. ప్రాజెక్టు పని ఎటూ రాయించాలి. గైడు చూసి ఎక్కించే బదులు ఇది రాస్తారు.

రెండో యాత్రకు అసలు కదలనక్కర్లేదు. బడి మైదానంలో నిటారుగా ఒక కర్ర పాతి, పన్నెండు గంటల నుంచి పన్నెండున్నర దాకా రెండు నిమిషాలకోసారి నీడ కొన దగ్గర గులకరాయి పెట్టించండి. ఏడాదిలో చాలా రోజులు అన్నిటికన్నా పొట్టి నీడ సరిగ్గా పన్నెండుకు పడదు. ఎందుకు పడదని పిల్లలు కొట్లాడుకోవాలి. మన గడియారం నడిచేది కాకినాడ మీదుగా పోయే 82½ డిగ్రీల తూర్పు రేఖాంశం ప్రకారం. చంద్రగిరి ఉన్నది 79.3 దగ్గర. డిగ్రీకి 4 నిమిషాల లెక్కన సూర్యుడు మన నడినెత్తికి 12, 13 నిమిషాలు ఆలస్యంగా వస్తాడు. తేదీని బట్టి ఇది పావుగంట దాకా అటూ ఇటూ జరుగుతుంది. ఆగస్టు 16 ప్రాంతంలో ఇది చేయిస్తే ఇంకా బాగుంటుంది. ఆ ఒకటి రెండు రోజులు సూర్యుడు మన ఊరికి సరిగ్గా నెత్తి మీదికి వస్తాడు. మబ్బు లేకపోతే 12:15, 12:20 మధ్య కర్ర నీడ పూర్తిగా మాయమవుతుంది. ఏప్రిల్ ఆఖర్లో కూడా ఒకసారి ఇలా జరుగుతుంది గానీ, అప్పటికి సెలవులు ఇచ్చేసి ఉంటారు. నీడ మాయమైన క్షణాన పిల్లలు వేసే కేక ఒకసారి వినండి. అక్షాంశాలు, కర్కటరేఖ, సూర్యుడి ఉత్తరాయణ దక్షిణాయనాలు అప్పుడు చెబితే ఎక్కుతాయి.

ఇక రాళ్లు. మీ పిల్లలు రోజూ చూసే కొండల్లోనే ప్రపంచం నలుమూలల భూగర్భ శాస్త్రజ్ఞులు వచ్చి చూసే వింత ఉంది. చంద్రగిరి కోట కొండ గ్రానైటు. ఉత్తరం వైపు తలెత్తితే శేషాచలం కొండలు. వాటి పాదం దగ్గర వాలుగా, పొదలు కప్పుకుని ఉన్నది కూడా గ్రానైటే. దాని పైన గోడ కట్టినట్టు పొరలు పొరలుగా నిలువుగా లేచినది క్వార్ట్‌జైటు. కింది రాయి భూమి లోపల కరిగిన ముద్ద చల్లారి గట్టిపడినది. పైది ఒకప్పటి సముద్రం ఒడ్డున పేరుకున్న ఇసక గట్టిపడినది. ఈ రెండూ ఆనుకున్న గీత దగ్గర సుమారు 80 కోట్ల సంవత్సరాల చరిత్ర లేదు. ఆ కాలంలో కింది రాయి అరిగి చదునైపోయింది, ఆ తర్వాతే ఇసక వచ్చి పడింది. దీన్ని ఎపార్కియన్ అన్‌కన్ఫర్మిటీ అంటారు. జియొలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా దీన్ని జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా గుర్తించింది. తిరుమల శిలాతోరణం కూడా ఆ క్వార్ట్‌జైటే, గాలీ నీళ్లూ కలిసి దాన్ని అలా తొలిచాయి.

ఘాట్ రోడ్డులో ఆ గీత దగ్గరగా కనిపిస్తుంది గానీ, అక్కడ బస్సు ఆపి పిల్లల్ని రోడ్డు మీద నిలబెట్టే ఆలోచన పెట్టుకోకండి. మలుపులు, వరసగా వచ్చే బండ్లు. కపిలతీర్థం దగ్గర నిలబడి పైకి చూసినా వాలు ఎక్కడ ఆగి గోడ ఎక్కడ మొదలవుతుందో చక్కగా తెలుస్తుంది. దీనికి ముందు తరగతిలో చేయాల్సింది ఒక్కటే. ఒక గ్రానైటు ముక్క, ఒక క్వార్ట్‌జైటు ముక్క చేతికిచ్చి తడిమి చూడనివ్వండి. ఒకదాంట్లో తెలుపు, నలుపు, గులాబీ రంగు గింజలు విడివిడిగా కనిపిస్తాయి. ఇంకోటి చక్కెర ముద్దలా ఒకే తీరుగా ఉంటుంది. ఏది తొందరగా అరుగుతుందో, కొండ ఆకారం అలా ఎందుకు ఉందో వాళ్లనే చెప్పనివ్వండి. ఇంటివాళ్లతో తిరుమలకు పోయే పిల్లలు ఎలాగూ ఉంటారు. వాళ్ల చేతికి ఒక థర్మామీటరు ఇవ్వండి. కొండ కిందికీ పైకీ ఎత్తులో తేడా 700 మీటర్ల దాకా ఉంది. కిలోమీటరుకు 6.5 డిగ్రీలు తగ్గాలన్న పుస్తకంలోని లెక్క నాలుగు, నాలుగున్నర డిగ్రీలుగా కనిపిస్తుందో లేదో చూసుకొస్తారు.

ఎవరిని పిలవాలి అని అడిగారు. కోటు వేసుకున్న వక్త కోసం వెతక్కండి. మా దగ్గర బాగా పండిన ప్రసంగాల్లో ఒకటి బోరు లారీ ఆయనది. మనవైపు వెయ్యి అడుగులు దించినా చుక్క పడని బోర్లు ఎన్నో, ఆ బాధ లేని ఇల్లు మీ తరగతిలో ఉండదు. ఆయన్ని ముందే అడిగి పెట్టుకుంటే, బోరు వేసేటప్పుడు లోతు మారిన కొద్దీ పైకి వచ్చే పొడిని కవర్లలో పట్టి, అడుగులు రాసి తెస్తాడు. పైన ఎర్రమన్ను, దాని కింద గరుకుగా మొరం, ఆ తర్వాత బూడిద రంగు బండ పొడి. బల్ల మీద వరసగా పేర్చితే భూమిని నిలువునా కోసి చూపినట్టే. "కేసింగ్ పైపు ఎందాకా దింపుతారు? బండ తగిలిందని ఎట్లా తెలుస్తుంది? గ్యాప్ తగలడం అంటే ఏంది?" అని పిల్లలు అడుగుతారు. గట్టి రాతిలో నీళ్లు నిలిచేది పగుళ్లలోనే, పక్క పొలంలో పడి మన పొలంలో పడకపోవడానికి అదే కారణం అన్నది ఆయన నోట వినాలి. కొబ్బరికాయ తిప్పి చోటు చూపించే సంగతి ఎవరో ఒకరు తప్పక ఎత్తుతారు. వెక్కిరించనివ్వకండి. వందసార్లు చూస్తే ఎన్నిసార్లు పడిందో లెక్క రాస్తేనే తెలుస్తుందని మాత్రం చెప్పండి.

ప్రసంగం ఇరవై నిమిషాలు దాటకూడదు. వచ్చేవాళ్లు చేతిలో ఒక వస్తువుతో రావాలి. ప్రశ్నలు పిల్లలు ముందురోజే రాసి పెట్టుకోవాలి, వాటిలో రెండైనా ఆడపిల్లలు అడగాలి. శాలువా, పూలదండల ఖర్చు మానేసి ఆ డబ్బుతో పిల్లలకు ఒక మంచి అట్లాసు కొనండి.

ఇక బస్సు. ఏడాదికి ఒక్కసారి, ఒక్క చోటుకే. మీకైతే గాదంకి అని నా సలహా. మీ ముందున్న చిత్తూరు రోడ్డులోనే, గంట లోపు. అక్కడి జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల అంతరిక్ష విభాగం కింద నడుస్తుంది. 130 మీటర్ల పొడవు, అంతే వెడల్పు ఉన్న మైదానంలో 1024 యాంటెనాలు బారులు తీరి ఉంటాయి. అదే ఎంఎస్‌టీ రాడారు. మీసోస్ఫియర్, స్ట్రాటోస్ఫియర్, ట్రోపోస్ఫియర్ అని మన పిల్లలు వరస తప్పకుండా అప్పజెప్పే పొరల్లో గాలి ఎటు, ఎంత వేగంతో కదులుతోందో నేల మీద నుంచే కొలుస్తారు. వాతావరణ బెలూన్లు కూడా వదులుతారు. హెడ్మాస్టరు గారి సంతకంతో, పిల్లల సంఖ్య, తరగతి, మీరు చెబుతున్న పాఠం పేరు రాసి ముందుగానే ఉత్తరం పంపి అనుమతి తీసుకోండి. తీసుకుపోయే ప్రశ్న: "ఇంత పెద్ద రాడారుకు ఈ పల్లెనే ఎందుకు ఎంచుకున్నారు?" జవాబు అక్కడివాళ్లనే చెప్పనివ్వండి.

శ్రీహరికోట అందరికీ మోజు. రాకెట్ ప్రయోగం చూడటానికి రిజిస్టరు చేసుకుంటే గ్యాలరీలోకి రానిస్తారు. కానీ ప్రయోగం వాయిదా పడితే అరవై మంది పిల్లలతో మీరు వెనక్కి తిరగాలి. అటు పోవాలనుకుంటే చలికాలంలో పోయి, పులికాట్ సరస్సు, నేలపట్టు గూడబాతుల్ని అసలు యాత్రగా పెట్టుకోండి. రాకెట్ కనిపిస్తే అదృష్టం.

అనుమతులు, తల్లిదండ్రుల సంతకాలు, ఆడపిల్లలకు మరుగుదొడ్డి ఉన్నచోటే ఆగడం, పదిహేను మందికొక పెద్ద మనిషి, ఇవన్నీ మీకు తెలిసినవే. చెరువు దగ్గర మాత్రం ఒక్క పిల్లవాడు కూడా నీళ్లలో కాలు పెట్టకూడదు. పూడిక మట్టి తీసిన గుంతలు పైకి కనిపించవు.

ఉద్యోగాల ప్రశ్న ఆఖరికి పెట్టాను గానీ, చిన్నదని కాదు. ఒక అమ్మ వచ్చి "ఏం ఉద్యోగం?" అని అడిగితే, ఆ ప్రశ్న వెనక అప్పు ఉంటుంది, ఆ పిల్ల పెళ్లి ఉంటుంది. దానికి చార్టు అతికించి జవాబు చెప్పలేం. దానికోసం వేరే రోజు కూడా పెట్టకండి. చెరువు దగ్గర, గాదంకిలో, ఎక్కడికి పోయినా పనిచేస్తున్న మనిషిని మూడు ప్రశ్నలు అడిగించండి: ఏం చదివారు? ఎక్కడ చదివారు? ఈ పనిలో కష్టం ఏది?

మొదట మీ సచివాలయంలోని గ్రామ సర్వేయర్‌ను పిలవండి. మీ బడి సర్వే నంబరు ఉన్న ఎఫ్‌ఎంబీ పటం, అంటే భూమి హద్దుల కొలతలు గీసిన పటం, తెమ్మనండి. పాత రోజుల్లో గొలుసు లాగి కొలిచిన హద్దుల్ని, 2020 డిసెంబరులో మొదలైన భూముల రీసర్వేలో డ్రోన్లతో, ఉపగ్రహ సంకేతాలు అందుకునే రోవర్లతో ఎలా కొలిచారో ఆ మైదానంలోనే చూపిస్తారు. సివిల్ డిప్లొమా, డ్రాఫ్ట్స్‌మన్ సివిల్ ఐటీఐ చదివినవాళ్లు ఈ ఉద్యోగాల్లో చేరారు. పదో తరగతి తర్వాత ఎటు అని చూసే ఇంటికి ఇది అర్థమయ్యే దారి.

ఆ పైన దారులు చాలా ఉన్నాయి. భూగర్భ శాస్త్రం చదవాలనుకునే పిల్లకు శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం పక్కనే తిరుపతిలో ఉంది. భూమి, వాతావరణ శాస్త్రాలకు తిరుపతి ఐసర్ అనే కేంద్ర సైన్సు విద్యాసంస్థ ఉంది, దానికి వాళ్ల ప్రవేశ పరీక్ష రాయాలి. జియొలాజికల్ సర్వేలో ఉద్యోగాలకు యూపీఎస్‌సీ వేరే పరీక్ష పెడుతుంది. ఇంటర్‌లో లెక్కలు చదివి పట్టణాల ప్రణాళిక మీద మనసున్నవాళ్లు జేఈఈ మెయిన్‌లో ప్లానింగ్ పేపరు రాసి విజయవాడలోని స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్‌లో చేరొచ్చు. ఉపగ్రహ చిత్రాలు చదివే పనికి హైదరాబాదులో నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటర్ ఉంది. సునామీ హెచ్చరికలు, చేపలు ఎక్కడ దొరుకుతాయో జాలర్లకు చెప్పే సమాచారం ఇచ్చే ఇన్‌కాయిస్ అనే సంస్థ కూడా అక్కడే. తొమ్మిదో తరగతి పిల్లలకు ఇస్రో 2019 నుంచి యువికా అనే వేసవి కార్యక్రమం నడుపుతోంది. పల్లె బడుల పిల్లలకు ఎంపికలో ప్రత్యేకంగా మార్కులు ఇస్తారు. ప్రకటన ఎప్పుడొస్తుందో కనిపెట్టి ఉండి, అర్హత ఉన్న ప్రతి పిల్లచేతా దరఖాస్తు పెట్టించండి.

తల్లిదండ్రులకు నిజమే చెప్పండి. ప్రభుత్వ ఉద్యోగాలు కొన్నే. ఒక్క భూగోళం డిగ్రీ చేతిలో పెట్టుకుని కూర్చుంటే పని దొరకడం కష్టం. దానికి కంప్యూటరు మీద పటాలు తయారుచేసే జీఐఎస్ నేర్పు కలిస్తే కరెంటు సంస్థలకు, నీటి సంస్థలకు, మున్సిపాలిటీలకు, ప్రైవేటు కంపెనీలకు కావలసినవాళ్లవుతారు. ఆ నేర్పుకు తొలి అడుగు మీ బడి కంప్యూటరు మీదే వేయించొచ్చు. ఇస్రో వాళ్ల భువన్ పోర్టల్ తెరిచి, మీ చెరువును వెతికి, నీరుగంటి ఇసకలో గీసిన అయిదు చెరువులూ పైనుంచి చూస్తే కనిపిస్తాయో లేదో చూడమనండి. మాకు నాలుగే కనిపించాయి. అయిదోది ఉండాల్సిన చోట ఇళ్ల ప్లాట్లు ఉన్నాయి.

ఈ శనివారమే వీలు కాకపోయినా, ఈ వారంలో పోయి నీరుగంటిని ఒకసారి పలకరించి రండి. వానలు పట్టుకున్నాయంటే ఆయన రాత్రీ పగలూ కట్ట మీదే ఉంటాడు, మీ పిల్లలకు దొరకడు.